బెంగళూరు, చెన్నైల్లో కంప్యూటర్ సైన్స్ ఎం.టెక్: దరఖాస్తు మొదలు డిగ్రీ చేతికొచ్చే దాకా

"అక్కా, గేట్ స్కోరు వచ్చింది. ఇప్పుడు ఎక్కడ అప్లై చేయాలి?"

గేట్ అంటే ఎం.టెక్ సీట్ల కోసం దేశవ్యాప్తంగా జరిగే పరీక్ష. ఏటా మార్చి నెలాఖరులో ఈ ప్రశ్న నాకు చాలామంది నుంచి వస్తుంది. అప్పటికి ఒకటి రెండు మంచి చోట్ల గడువు దాటిపోయి ఉంటుంది, లేదా రెండు రోజులే మిగిలి ఉంటాయి. అడిగిన పిల్లలు తెలివైనవాళ్లే, కష్టపడి చదివినవాళ్లే. స్కోరు వచ్చాకే దరఖాస్తులు పెట్టాలని అనుకోవడం దగ్గరే ఇబ్బంది పడ్డారు.

నేను చెన్నైలో ఎం.టెక్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. మారతహళ్లిలో మా ఇంటి చుట్టూ ఉన్న పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో గుంటూరు, ఖమ్మం, అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి గేట్‌కి చదువుతుంటారు. చదువు విషయంలో వాళ్లకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. తేదీలు, కాగితాలు, ఆఫర్ వచ్చిన రోజు నొక్కాల్సిన బటన్, చేరాక కోర్సుల ఎంపిక, వీటి దగ్గర దెబ్బతిన్నవాళ్లనే ఎక్కువగా చూశాను. అందుకే ఇందులో సిలబస్ గురించి తక్కువగా, వీటి గురించి ఎక్కువగా రాస్తున్నాను.

## 1. ముందు ఏ డిగ్రీ కావాలో తేల్చుకోండి

"కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు చదువులున్నాయి. దరఖాస్తు పద్ధతి, పరీక్ష, చేరాక ఉండే జీవితం, అన్నీ ఒక్కోదానికి ఒక్కో రకం.

ఎం.టెక్. రెండేళ్లు. మొదటి ఏడాది ఎక్కువగా కోర్సులు, రెండో ఏడాది ఎక్కువగా ప్రాజెక్టు. సీటుకు గేట్ స్కోరే ప్రధానం. చదువయ్యాక మంచి ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు ఇది సూటి దారి. ఐఐఎస్సీ (బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), ఐఐటీ మద్రాస్, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలోని ట్రిపుల్ ఐటీ, చెన్నై శివార్లలోని ట్రిపుల్ ఐటీడీఎం కాంచీపురం, అన్నా యూనివర్సిటీ (అక్కడ ఎం.ఈ. అంటారు), ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి.

రీసెర్చ్ డిగ్రీ. ఐఐటీ మద్రాస్‌లో దీన్ని ఎం.ఎస్. అంటారు, ఐఐఎస్సీలో ఎం.టెక్ రీసెర్చ్ అంటారు. కోర్సులు తక్కువ, థీసిస్ పెద్దది. గేట్ స్కోరు మిమ్మల్ని పిలిపించడం వరకే పనిచేస్తుంది. సీటు ఇచ్చేది ఆ తర్వాత జరిగే పరీక్ష, ఇంటర్వ్యూ. రెండున్నర, మూడేళ్లు పట్టడం మామూలే.

ఎం.ఎస్సీ. చెన్నై సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ ఎం.ఎస్సీలు ఉన్నాయి. దీనికి గేట్ అక్కర్లేదు, వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిస్క్రీట్ మ్యాథ్స్, అల్గారిథమ్స్, ఆటోమేటా అంటే ఇష్టపడే వాళ్లకు ఇంత మంచి చోటు దక్షిణాదిలో తక్కువ. మన తెలుగు పిల్లలు దీన్ని ఎందుకో పట్టించుకోరు. మూడేళ్ల బీఎస్సీ చేసినవాళ్లు తప్పకుండా చూడాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెబుతాను. గేట్ స్కోరు ఎం.టెక్‌కి చాలలేదు కాబట్టి ఎం.ఎస్. తీసుకుందాం అనే ఆలోచనతో వెళ్లకండి. ఒకే సమస్యను ఏడాదిన్నర పాటు తవ్వే ఓపిక ఉంటేనే వెళ్లండి. అది ఉంటే ఎం.టెక్ కంటే ఎం.ఎస్. మీకు ఎక్కువ ఇస్తుంది. లేకపోతే రెండో ఏడాది మధ్యలో టెన్షన్ మొదలవుతుంది, తోటివాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోతుంటారు.

ఉద్యోగం మానకుండా చదవాలనుకుంటే దారి వేరు. బిట్స్ పిలానీ వారి విల్ప్, ఐఐటీ మద్రాస్ వెబ్ ఎం.టెక్, ఐఐఎస్సీ ఆన్‌లైన్ ఎం.టెక్ పని చేస్తున్నవాళ్ల కోసం పెట్టినవే. కొన్నింటికి కంపెనీ స్పాన్సర్‌షిప్ లెటర్ తప్పనిసరి. ఫీజు కట్టే ముందే ఆ లెటర్ ఇస్తారో లేదో హెచ్ఆర్‌ని అడగండి.

## 2. అర్హత చూసుకోవడం

గేట్ రాయడానికి అర్హత, సీటు పొందడానికి అర్హత రెండూ ఒకటి కావు. డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా గేట్ రాయొచ్చు. సీటుకు మాత్రం ఒక్కో సంస్థ నిబంధన ఒక్కోలా ఉంటుంది.

- డిగ్రీ: బీటెక్, ఎంసీఏ వాళ్లకు చాలా చోట్ల ఇబ్బంది లేదు. మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే ఉంటే ఐఐటీల ఎం.టెక్‌కి సాధారణంగా సరిపోదు.
- బ్రాంచ్: ఈసీఈ, మెకానికల్ చదివినా గేట్ సీఎస్ పేపర్ రాసి కంప్యూటర్ సైన్స్‌లో చేరే వీలు చాలా చోట్ల ఉంది. ఆ ఏడాది బ్రోచర్లోని అర్హతల పట్టికలో మీ బ్రాంచ్ ఉందో లేదో చూడండి.
- పేపర్: 2024లో వచ్చిన డేటా సైన్స్, ఏఐ పేపర్ (డీఏ) స్కోరును ఏఐ, డేటా సైన్స్ ప్రోగ్రాములు తీసుకుంటాయి. కంప్యూటర్ సైన్స్ ప్రోగ్రాములన్నీ తీసుకోవు. సీఎస్, డీఏ రెండు పేపర్లూ రాసే వీలుంటే రెండూ రాయండి.
- మార్కులు: ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలకు జరిగే సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో జనరల్, ఈడబ్ల్యూఎస్, ఓబీసీ వాళ్లకు 6.5 సీజీపీఏ లేదా 60 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 6.0 లేదా 55 శాతం కావాలి.

సీజీపీఏ దగ్గర మనవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. 7.2ని పదితో హెచ్చవేసి 72 శాతం అని రాసేస్తారు. జేఎన్టీయూ రెగ్యులేషన్లు కొన్నింటిలో సీజీపీఏలోంచి 0.75 తీసి పదితో హెచ్చవేయాలి, కొన్నింటిలో 0.5 తీయాలి. 0.75 తీస్తే 7.2 సీజీపీఏ 64.5 శాతం అవుతుంది. వెరిఫికేషన్ రోజు ఈ తేడా బయటపడితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు లెక్క. మీ రెగ్యులేషన్‌కి వర్తించే సూత్రాన్ని యూనివర్సిటీ కాగితంలో చూసి, దాని కాపీ దగ్గర పెట్టుకోండి. ఫారంలో సీజీపీఏ అడిగితే సీజీపీఏనే రాయండి. అడగని చోట శాతంలోకి మార్చొద్దు.

## 3. గేట్: మార్కులు ఎక్కడున్నాయో తెలిసి రాయడం

మొత్తం 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. ఇందులో ఆప్టిట్యూడ్‌కి 15, సీఎస్ పేపర్లో ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కి 13. అంటే 28 మార్కులు కోర్ సబ్జెక్టులు ముట్టుకోకుండానే వస్తాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ముందు వీటిని చేతిలో పెట్టుకోవాలి.

మల్టిపుల్ చాయిస్ తప్పైతే ఒక మార్కు ప్రశ్నకు మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు, సంఖ్య టైప్ చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు. వాటిని ఖాళీగా వదలకండి.

దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో తెరుస్తారు. పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో. స్కోరు ఫలితం వచ్చిన నాటి నుంచి 3 ఏళ్లు చెల్లుతుంది. పోయినేడు బాగా రాసి, ఈ ఏడాది రాయకపోయినా పాత స్కోరుతో అప్లై చేయొచ్చు.

స్కోర్‌కార్డు వెంటనే డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచండి. ఇటీవలి ఏళ్లలో మే 31 వరకే ఉచితం. ఆ తర్వాత డిసెంబర్ 31 దాకా రూ.500 కట్టాలి, అదీ దాటితే ఇవ్వరు. రెండేళ్ల తర్వాత పాత స్కోరు వాడుకుందామంటే కార్డు లేక ఆగిపోయినవాళ్లను చూశాను.

## 4. క్యాలెండర్ గోడకు అంటించండి

తేదీలు ఏడాదికి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. వరుస మాత్రం ఇలాగే ఉంటుంది.

- ఆగస్టు–సెప్టెంబరు: గేట్ దరఖాస్తు. ఆధార్, మెమోల్లో పేరు సరిచూసుకోవడం.
- ఫిబ్రవరి: గేట్ పరీక్ష. అదే నెలలో ఐఐఎస్సీ దరఖాస్తులు తెరుచుకుంటాయి.
- మార్చి: గేట్ ఫలితం. ఐఐఎస్సీ గడువు సాధారణంగా నెలాఖరు లోపే ముగుస్తుంది. ఐఐటీ మద్రాస్ దరఖాస్తులకూ ఇదే సీజన్. ఎం.ఎస్.కు, ఎం.టెక్‌కు వేర్వేరు పోర్టళ్లు, వేర్వేరు గడువులు.
- మార్చి–ఏప్రిల్: చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ దరఖాస్తు. ఏప్రిల్ 1 తర్వాత కొత్త ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు.
- ఏప్రిల్–జూన్: రీసెర్చ్ సీట్లకు పరీక్షలు, ఇంటర్వ్యూలు. సీఓఏపీ (ఐఐటీలు, ఐఐఎస్సీ ఆఫర్లు కనిపించే ఉమ్మడి పోర్టల్), సీసీఎంటీ రిజిస్ట్రేషన్, ఆఫర్ల రౌండ్లు.
- జులై చివర–ఆగస్టు: చేరడం, క్లాసులు మొదలు.

ఐఐఎస్సీ దరఖాస్తును గేట్ ఫలితం రాకముందే గేట్ రిజిస్ట్రేషన్ నంబరుతో మొదలుపెట్టొచ్చు. ఇది తెలియకపోవడం వల్లే మార్చిలో పరుగులు పెడతారు.

## 5. కాగితాలు: సీట్లు జారిపోయేది ఇక్కడే

ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి.

ఓబీసీ సర్టిఫికెట్. మన రాష్ట్రాల్లో చేతికొచ్చే బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర ఫార్మాట్లో, నాన్ క్రీమీ లేయర్ అని రాసి ఉన్న ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. రెండోది, రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులం కేంద్ర ఓబీసీ జాబితాలో లేకపోవచ్చు. ముందు అది చూసుకోండి. మూడోది తేదీ. ఆ ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక, అంటే ఏప్రిల్ 1న లేదా ఆ తర్వాత ఇచ్చినదే అడుగుతారు.

మరి మార్చిలో దరఖాస్తు పెట్టేటప్పుడు ఏం చేయాలి? పాత సర్టిఫికెట్టో, సంస్థ ఇచ్చే డిక్లరేషన్ ఫారమో పెట్టమని బ్రోచర్లో ఉంటుంది. అది పెట్టి, ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి అప్లై చేయండి. తెలంగాణలో మీసేవ, ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా వెళ్తుంది. సంతకం తహసీల్దార్‌ది. సొంతూరి నుంచే రావాలి కాబట్టి, బెంగళూరులో కూర్చుని రెండు రోజుల్లో అయ్యే పని కాదు. ఇంట్లోవాళ్లకు కేంద్ర ఫార్మాట్ ప్రింట్ పంపించండి. "ఓబీసీ కావాలి" అని నోటిమాటగా చెబితే మళ్లీ రాష్ట్ర ఫార్మాటే వస్తుంది.

నా సంగతే చెబుతాను. వెరిఫికేషన్‌కి నేను బీసీ-డీ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాను. ఇది తీసుకోలేం అన్నారు. రాతపూర్వకంగా గడువు అడిగితే వారం ఇచ్చారు. మా నాన్న పొలం పనులు ఆపుకుని నాలుగు రోజులు మండల ఆఫీసు చుట్టూ తిరిగారు. సర్టిఫికెట్ ఆరో రోజు వచ్చింది. ఆ ఆరు రోజులూ నాకు అన్నం సహించలేదు. మీ ఇంట్లో ఎవరికీ ఆ తిప్పలు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈడబ్ల్యూఎస్. ఇదీ ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తది కావాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపుండాలి. వ్యవసాయ భూమి 5 ఎకరాలు లేదా అంతకు మించి ఉంటే అర్హత ఉండదు. ఆదాయం తక్కువే కదా అనుకుని భూమి లెక్క మరిచిపోతుంటారు.

పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం. బీటెక్ మెమోలో ఇంటిపేరు చివర్లో ఉంటుంది. మనకు అది ఒకే పేరు. చెన్నైలో కాగితాలు చూసే ఉద్యోగికి ముగ్గురు మనుషులు. టెన్త్ మెమోలో ఉన్నట్టుగా ఆధార్ మార్పించుకోండి, గేట్ ఫారంలోనూ అదే పేరు రాయండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసి ఇవ్వండి. ఈలోగా అవసరమైతే ఆ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి ఉంచుకోండి.

ఒరిజినల్స్. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. సీటు వచ్చాక వెళ్తే జులైలో హడావిడి. ఏప్రిల్‌లోనే వెళ్లి, ఏమేం కావాలో లిఖితపూర్వకంగా అడగండి.

ఫైల్లో ఉండాల్సినవి:

- టెన్త్ మెమో, ఇంటర్ మెమో
- బీటెక్ అన్ని సెమిస్టర్ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో
- ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), వచ్చి ఉంటే ఒరిజినల్ డిగ్రీ
- టీసీ, మైగ్రేషన్, కండక్ట్ సర్టిఫికెట్
- గేట్ స్కోర్‌కార్డు, అడ్మిట్ కార్డు
- కుల, ఈడబ్ల్యూఎస్ లేదా దివ్యాంగ సర్టిఫికెట్ సరైన ఫార్మాట్లో
- శాతం లెక్కించే సూత్రం ఉన్న యూనివర్సిటీ కాగితం
- ఉద్యోగం చేస్తుంటే రిలీవింగ్ లెటర్
- గేట్ ఫారంలో పెట్టిన ఫోటోవే పది ప్రింట్లు

ఫైనలియర్ వాళ్లకు మెమోలు ఇంకా రాకపోతే, పరీక్షలన్నీ రాశారని ప్రిన్సిపాల్ దగ్గర లెటర్ తీసుకోండి. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా తాత్కాలిక అడ్మిషన్ రద్దయ్యే ప్రమాదముంది.

## 6. దరఖాస్తులు: ప్రతి చోటా విడివిడిగా

ఐఐటీలు, ఐఐఎస్సీ ఆఫర్లు సీఓఏపీ అనే ఉమ్మడి పోర్టల్లో కనిపిస్తాయి. అందులో రిజిస్టరైతే అన్ని ఐఐటీలకూ అప్లై చేసినట్టే అనుకోవడం పెద్ద పొరపాటు. సీఓఏపీలో కోర్సుల ఆప్షన్లు పెట్టుకోవడమే ఉండదు. ప్రతి సంస్థ పోర్టల్లో ఫీజు కట్టి దరఖాస్తు చేయాలి, అక్కడే మీ ప్రాధాన్యాలు ఇవ్వాలి. సీఓఏపీ నంబరు లేకపోతే ఆఫర్ రాదు. సంస్థకు అప్లై చేయకపోతే సీఓఏపీ నంబరుండీ ఉపయోగం లేదు.

సీసీఎంటీ వేరు. అక్కడ ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్ల లాగానే కాలేజీలు, కోర్సులు వరుసగా పెట్టి లాక్ చేయాలి. ట్రిపుల్ ఐటీడీఎం కాంచీపురం ఇందులోకే వస్తుంది.

ట్రిపుల్ ఐటీ బెంగళూరుకు నేరుగా అప్లై చేయాలి. ఫీజు కేంద్ర సంస్థల కంటే బాగా ఎక్కువ. బ్యాంకు లోను అంచనా ముందే వేసుకోండి.

అన్నా యూనివర్సిటీ, తమిళనాడు కాలేజీల ఎం.ఈ. సీట్లకు సీటా-పీజీ పరీక్ష ఉంది. కర్ణాటక కాలేజీలకు ఆ రాష్ట్ర పరీక్షా ప్రాధికార సంస్థ పెట్టే పీజీసెట్. ఈ రెండింటిలోనూ స్థానికత నిబంధన ముందు చదవండి, తర్వాతే ఫీజు కట్టండి.

ప్రాధాన్యాల క్రమం మీ ఇష్టప్రకారమే ఉండాలి. "ఇది రాదులే" అని ఇష్టమైనదాన్ని కింద పెట్టొద్దు. గత ఏడాది రౌండ్ల వారీగా ఆఖరి స్కోర్లు చాలా సంస్థలు తమ సైట్లలో పెడతాయి. వాటిని మీ కేటగిరీలో చూసి, ఎక్కడెక్కడ అప్లై చేయాలో తేల్చుకోండి. ర్యాంకులు పోల్చొద్దు, స్కోర్లు పోల్చండి. మూడేళ్ల అభ్యర్థుల్నీ ఒకే వరుసలో పెట్టేది స్కోరే.

## 7. రీసెర్చ్ సీటుకు పరీక్ష, ఇంటర్వ్యూ

ఐఐటీ మద్రాస్ ఎం.ఎస్.కు రాతపరీక్ష, కోడింగ్ పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ ఉండొచ్చు. గేట్‌లో జవాబు గుర్తిస్తే చాలు. ఇక్కడ ప్రోగ్రాం రాసి నడిపించాలి, నిరూపణ బోర్డు మీద చేసి చూపించాలి. గేట్ అయ్యాక రెండు నెలలు పుస్తకం మూసేసినవాళ్లు ఇక్కడ తడబడతారు.

తయారీ ఇలా:

- మీకు బాగా వచ్చిన రెండు సబ్జెక్టులు ఎంచుకోండి. ఒకటి అల్గారిథమ్స్ అయితే మంచిది. నిర్వచనాలు, చిన్న నిరూపణలు చూడకుండా రాయగలగాలి.
- ఏఐ వైపు వెళ్లేవాళ్లు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పక్కాగా చూసుకోవాలి. ఐగెన్ విలువలు, షరతుతో కూడిన సంభావ్యత దగ్గరే సగం ప్రశ్నలు తిరుగుతాయి.
- ఆ విభాగంలో ముగ్గురు ప్రొఫెసర్లు ఏం పని చేస్తున్నారో వాళ్ల పేజీలో చదవండి.
- బీటెక్ ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిన భాగం ఏదో ఐదు నిమిషాల్లో చెప్పగలగాలి.

తెలియనిది తెలియదనండి, వెంటనే "ఇలా ఆలోచిస్తాను" అని బోర్డు మీద మొదలుపెట్టండి. ఆ మొదలుపెట్టడమే వాళ్లు చూస్తారు. ఇంగ్లీషు గడగడా రాకపోయినా ఫర్వాలేదు. ఈ భయం మన పిల్లల్లో బాగా ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన నేను మాటలు వెతుక్కుంటూనే, ఒక్కో మెట్టూ బోర్డు మీద రాస్తూ చెప్పాను.

ఐఐఎస్సీ ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు యశ్వంత్‌పూర్‌లో దిగండి, క్యాంపస్ దగ్గర. ముందురోజే చేరుకోండి. బెంగళూరు ట్రాఫిక్ మీద నమ్మకం పెట్టుకుని ఉదయం రైలు ఎక్కొద్దు.

## 8. ఆఫర్ వచ్చిన రోజు ఏ బటన్ నొక్కాలి

సీఓఏపీలో మూడు బటన్లుంటాయి.

యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్: ఈ సీటు తీసుకున్నారు, ఇక ఆఫర్లు రావు.

రిటైన్ అండ్ వెయిట్: ఈ ఆఫర్ చేతిలో ఉంచుకుని ఇంకా మంచిదాని కోసం చూస్తున్నారు. దీన్ని ఎన్ని రౌండ్లు వాడొచ్చో ఆ ఏడాది నిబంధన చదవండి.

రిజెక్ట్ అండ్ వెయిట్: ఈ ఆఫర్ వదిలేశారు. తర్వాత ఏమీ రాకపోతే చేతిలో ఏదీ ఉండదు.

ఏమీ నొక్కకుండా గడువు దాటిస్తే ఆ ఆఫర్ పోయినట్టే. రౌండ్ల తేదీలకు ఫోన్లో అలారం పెట్టండి, ఆఫీసులో ఆ రోజు రిలీజ్ పని ఉంటే ముందే చెప్పి గంట సమయం తీసుకోండి. ఫ్రీజ్ చేశాక సంస్థ పోర్టల్లో ఫీజు కట్టడానికి వేరే గడువుంటుంది. ఫ్రీజ్ నొక్కితే పని అయిపోయిందనుకుని ఇక్కడ సీటు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

సీసీఎంటీలో ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్ అని ఉంటాయి. స్లైడ్ అంటే అదే కాలేజీలో పై ఆప్షన్ కోర్సు, ఫ్లోట్ అంటే ఏ కాలేజీలోనైనా పై ఆప్షన్.

నొక్కే ముందు రాత్రే ఇంట్లో మాట్లాడి మూడు జాబితాలు రాసిపెట్టుకోండి: వస్తే వెంటనే తీసుకునేవి, పట్టుకుని చూసేవి, వద్దనేవి.

## 9. ఉద్యోగం ఉన్నవాళ్లకు: నోటీస్ పీరియడ్

బెంగళూరులో చాలా కంపెనీల్లో 60 లేదా 90 రోజుల నోటీస్. ఆఫర్లు మే, జూన్‌లలో వస్తాయి, చేరాల్సింది జులై చివర. 90 రోజులున్నవాళ్లు ఆఫర్ రాకముందే రాజీనామా చేయాల్సిన లెక్క తేలుతుంది.

ఆఫర్ లేకుండా రాజీనామా చేయొద్దని నా సలహా. మార్చిలో స్కోరు చూసుకుని, గత ఏడాది ఆఖరి స్కోరు కంటే స్పష్టంగా పైన ఉంటే మేనేజర్‌తో విడిగా మాట్లాడండి. పైచదువుకు వెళ్తున్నానంటే నోటీస్ తగ్గించే మేనేజర్లు చాలామందే ఉన్నారు. మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడే వీలుందా, బాండ్ ఉంటే ఎంత కట్టాలి, ఈ రెండూ ఆఫర్ లెటర్లోనే ఉంటాయి. ఆ మొత్తం ముందే పక్కన పెట్టుకోండి.

చేరాక ఆదాయం ఏంటి? గేట్ ద్వారా కేంద్ర సంస్థల్లో ఫుల్ టైం ఎం.టెక్‌లో చేరినవాళ్లకు నెలకు రూ.12,400 స్టైపెండ్ చాలా ఏళ్లుగా ఉంది. దానికి బదులు వారానికి 8 గంటలు టీచింగ్ అసిస్టెంట్ పని చేయాలి. హాస్టల్, మెస్ గడుస్తాయి. ఇంటికి పంపాల్సిన డబ్బు, పాత లోను ఈఎంఐ ఉంటే అవి దీంతో గడవవు. ఒక ఏడాది ఈఎంఐ పొదుపు చేసుకుని చేరినవాళ్లు ప్రశాంతంగా చదువుకున్నారు.

## 10. చేరాక: డిగ్రీ రావాలంటే ఏమేం పూర్తి కావాలి

సీటు వచ్చిన సంతోషంలో నిబంధనల పుస్తకం ఎవరూ తెరవరు. మొదటి వారంలోనే తెరవండి. అందులో వెతకాల్సినవి నాలుగు: మొత్తం క్రెడిట్లు, తప్పనిసరి కోర్సులు, కనీస సీజీపీఏ, హాజరు.

క్రెడిట్లు. ఐఐఎస్సీలో రెండేళ్ల ఎం.టెక్‌కి 64 క్రెడిట్లు. కోర్సు పక్కన 3:1 అని ఉంటే 3 పాఠాలవి, 1 ల్యాబ్‌ది, మొత్తం 4. ప్రాజెక్టుకు పెద్ద వాటా ఉంటుంది. అక్కడ కంప్యూటర్ సైన్స్ విభాగంలో కోర్సులు సిద్ధాంతం, సిస్టమ్స్, ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అని గుంపులుగా ఉంటాయి. అన్ని గుంపుల నుంచీ కొన్ని చేయాలి. మొదటి సెమిస్టర్లో మెషీన్ లెర్నింగ్ కోర్సులే వరుసగా తీసుకుని, మూడో సెమిస్టర్లో సిద్ధాంతం కోర్సు మిగిలిపోయి అవస్థపడటం ఏటా జరిగేదే. తప్పనిసరివి మొదటి రెండు సెమిస్టర్లలోనే దాటించండి.

గ్రేడ్లు. ఐఐటీ మద్రాస్‌లో ఎస్ అంటే 10, ఏ 9, బీ 8, సీ 7, డీ 6, ఈ 4, యూ అంటే తప్పినట్టు. తరగతిలో మిగతావాళ్లు ఎలా రాశారన్న దాన్నిబట్టి కూడా గ్రేడ్ మారుతుంది. బీటెక్‌లోలా ఆఖరి పది రోజులు చదివి గట్టెక్కడం కుదరదు. వారం వారం అసైన్‌మెంట్లకూ మార్కులుంటాయి.

హాజరు. ఐఐటీ మద్రాస్‌లో 85 శాతం కావాలి. తగ్గితే ఎండ్ సెమ్ రాయనివ్వకుండా డబ్ల్యూ గ్రేడ్ వేస్తారు, కోర్సు మళ్లీ చేయాలి. సంక్రాంతికి ఇంటికెళ్లి పది రోజులు ఉండిపోయే అలవాటున్నవాళ్లు జనవరిలోనే లెక్క వేసుకోండి.

మొదటి సెమిస్టర్ బరువు. నాలుగు కోర్సులు చాలు. ఐదో కోర్సు కూడా బరువైనది పెట్టుకుంటే దేనికీ న్యాయం జరగదు. అందులోనూ వేసవి ఇంటర్న్‌షిప్ ఎంపికలు చేరిన కొద్ది వారాల్లోనే మొదలవుతాయి. కోడింగ్ అభ్యాసం జూన్, జులై ఖాళీ రోజుల్లోనే చేసుకుని వెళ్లండి. కోర్సు వదులుకునే ఆఖరి తేదీ క్యాలెండర్లో గుర్తుపెట్టుకోండి. ఆ తేదీ దాటితే గ్రేడ్ మీ మెమో మీదే ఉంటుంది.

గైడ్. పేరున్న ప్రొఫెసర్ కంటే, వారానికొకసారి కూర్చుని మాట్లాడే ప్రొఫెసర్ మేలు. ఆయన దగ్గరున్న సీనియర్లను రెండే ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్లకోసారి కలుస్తారు? గత ముగ్గురు విద్యార్థులు సమయానికి పూర్తి చేశారా? ఇష్టమైన గైడ్ కోర్సును మొదటి సెమిస్టర్లోనే చేయండి. మిమ్మల్ని ఆయన చూస్తారు, ఆయన్ని మీరు చూస్తారు.

ప్రాజెక్టు. సమీక్షలు దశలవారీగా ఉంటాయి. ఉద్యోగాల ఎంపికలు ఐఐటీల్లో రెండో ఏడాది డిసెంబర్ మొదట్లో మొదలవుతాయి. దానికి ముందు రెండు నెలలు ప్రాజెక్టు ఆగిపోతుంది. కాబట్టి పాత పరిశోధనలు చదవడం, మొదటి ప్రయోగం రెండూ ఆగస్టుకే పూర్తవ్వాలి. రోజూ చేసింది ఒక నోట్సులో రాయండి. చివర్లో థీసిస్ సగం అందులోంచే వస్తుంది.

ఎం.ఎస్. వాళ్లకు. మీ పనిని చూసే కమిటీ ఉంటుంది, ఐఐటీ మద్రాస్‌లో దాన్ని జీటీసీ అంటారు. కోర్సులు ముగించడం, సెమినార్, సినాప్సిస్ (థీసిస్ సారాంశం), థీసిస్, పరీక్షకుల అభిప్రాయాలు, వైవా, ఈ వరుసలో సాగుతుంది. థీసిస్ ఇచ్చాక పరీక్షకుల నుంచి జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. ఉద్యోగంలో చేరే తేదీ ఒప్పుకునే ముందు ఈ నెలల్ని లెక్కలో పెట్టండి. ప్రొవిజనల్ ఎప్పుడిస్తారో ఆఫీసులో అడిగి, అదే తేదీ కంపెనీకి చెప్పండి.

ఆఖరి సెమిస్టర్ మొదటి వారంలో చూసుకోవాల్సినవి:

- మొత్తం క్రెడిట్లు సరిపోయాయా, ప్రతి గుంపులోనూ కనీస కోర్సులు అయ్యాయా
- పెండింగ్ గ్రేడ్ ఏదైనా పోర్టల్లో ఖాళీగా ఉందా
- థీసిస్ ఫార్మాట్, కాపీ తనిఖీ నివేదిక, సమర్పణ గడువు
- గైడ్ ఆ నెలల్లో ఊళ్లో ఉంటారా, సెలవులో వెళ్తారా
- లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్ నో డ్యూస్
- పోర్టల్లో మీ పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందా

ఆ చివరిది డిగ్రీ ప్రింట్ కాకముందే చూడండి. ప్రింటయ్యాక అక్షరం మార్పించాలంటే మళ్లీ అఫిడవిట్, మళ్లీ ఫీజు, మళ్లీ చెన్నై ప్రయాణం.